ఓడ ఎక్కేటప్పుడు మన సీసా, మన నీళ్ళు: సోలాపూర్ నుంచి బయల్దేరేవాళ్ళకు

విమానం ఎక్కేటప్పుడు వైన్ సీసా పెద్ద పెట్టెలో ఉండాలి. క్రూజ్ షిప్ ఎక్కేటప్పుడు అదే సీసా చేతిసంచిలో ఉండాలి. ఈ ఒక్క ముక్క తెలియక మా బావ సింగపూర్‌లో ఓడ ఎక్కిన మొదటి రాత్రి అక్క చేత తిట్లు తిన్నాడు. సోలాపూర్ టవల్‌లో చుట్టి, పెట్టె మధ్యలో పెట్టి, ఒక్క చుక్క కారకుండా సీసాను సింగపూర్ దాకా చేర్చాడు. అక్కడ టెర్మినల్‌లో పెట్టెను అలాగే కూలీకి అప్పగించాడు. సాయంత్రం అందరి పెట్టెలూ క్యాబిన్ తలుపుల ముందుకు వచ్చాయి, వీళ్ళది రాలేదు. కింది అంతస్తులో ఒక గదికి పిలిచారు. అక్కడ స్కానర్‌లో పట్టుబడ్డ పెట్టెలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, వాటి పక్కన మొహాలు వేలాడేసుకుని వాటి యజమానులు. ఈలోగా భోజనం వేళ అయిపోయింది. ప్రయాణపు చీరతోనే డిన్నర్‌కు పోవాల్సి వచ్చిందని అక్క ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

బావ చేసింది నేరమేమీ కాదు. ఆ ఓడలో మనిషికో సీసా తెచ్చుకోవచ్చు. తేవాల్సిన చోట తేలేదు, అంతే.

మన సోలాపూర్ తెలుగువాళ్ళలో క్రూజ్ ప్రయాణాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. ముంబయి నుంచి గోవా, లక్షద్వీప్ పోయేవాళ్ళు కొందరు. సింగపూర్ దాకా విమానంలో పోయి అక్కడ ఓడ ఎక్కేవాళ్ళు కొందరు. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పిలిస్తే కరీబియన్ పోయి వచ్చే అమ్మానాన్నలు కొందరు. ముగ్గురికీ నియమాలు వేరు. అందుకే ఒకరి అనుభవం ఇంకొకరికి చెబితే తరచుగా బెడిసికొడుతుంది.

మొదటి పని: ఏ కంపెనీ ఓడో చూసుకోండి

సీసా కొనకముందే ఇది చేయాలి. "క్రూజ్‌లో వైన్ తీసుకెళ్ళొచ్చా?" అని అడిగితే జవాబు లేదు. "ఈ కంపెనీ ఓడలో తీసుకెళ్ళొచ్చా?" అని అడగాలి.

కొన్ని కంపెనీలు బయటి మద్యం అసలు ఎక్కించనివ్వవు. ముంబయి నుంచి నడిచే కోర్డీలియా అలాంటిదే. ఇటలీ మూలాలున్న ఎమ్మెస్సీ కూడా అంతే. వీటికి పోతుంటే మద్యం సంగతి ఇక్కడితో ముగిసింది. మీరు నేరుగా కింద నీళ్ళు, మజ్జిగ గురించి రాసిన చోటికి పొండి, మీకు పనికొచ్చేది అక్కడుంది.

మనిషికి ఇన్ని సీసాలని లెక్కపెట్టి ఎక్కించుకునేవి ఇంకొన్ని. రాయల్ కరీబియన్‌లో తాగే వయసు వచ్చిన ఒక్కొక్కరు 750 మిల్లీలీటర్ల వైన్ లేదా షాంపేన్ సీసా ఒకటి తెచ్చుకోవచ్చు, అదీ ఓడ ఎక్కే రోజు మాత్రమే. కార్నివాల్‌లోనూ మనిషికి ఒకటే. డిస్నీ ఓడలు కాస్త ఉదారం: పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి రెండు వైన్ సీసాలు లేదా ఆరు బీర్లు, మధ్యలో రేవుల్లో దిగి ఎక్కినప్పుడు కూడా. నార్వేజియన్ ఓడలో సీసాల మీద పెద్ద పట్టింపు లేదు కానీ ప్రతి సీసాకూ రుసుము కట్టాలి.

గమనించారా, ఎక్కడా విస్కీ, రమ్, బ్రాందీ మాట లేదు. వాటిని ప్రయాణికుడు తెచ్చుకోవడానికి ఈ కంపెనీలేవీ ఒప్పుకోవు. అనుమతి అంటూ ఉంటే వైన్‌కు, షాంపేన్‌కు, ఎక్కడో ఒకచోట బీరుకు. ఇంట్లో చేసిన ద్రాక్ష వైన్ కూడా కుదరదు, ఎంత బాగున్నా సరే. కంపెనీ సీలు విప్పని సీసా కావాలి. అట్టపెట్టెలో వచ్చే వైన్ కూడా వద్దు. కల్లు సంగతి అడిగిన పెద్దమనిషి ఒకాయన మా ఇంట్లోనే ఉన్నాడు, ఆయన పేరు రాయను. కల్లు సీసాలో పోసి మూత బిగిస్తే ముంబయి చేరేలోపే అది పులిసి మూత ఎగరగొడుతుంది.

బుకింగ్ చేసిన ఏజెంట్‌ను అడిగితే "అన్నీ ఇంక్లూడెడ్ సార్" అంటాడు. ఆ మాటకు అర్థం సాధారణంగా భోజనం ఇంక్లూడెడ్ అని. మద్యానికీ, కూల్‌డ్రింక్‌లకూ చాలా ఓడల్లో బిల్లు వేరే. కాబట్టి ఏజెంట్‌తో ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా రెండు ప్రశ్నలు వాట్సాప్‌లో రాసి పంపండి: మనిషికి ఎన్ని వైన్ సీసాలు? మద్యం కాని పానీయాలు ఎన్ని, క్యాన్లా బాటిళ్ళా? కంపెనీ సైట్‌లో "తేకూడనివి" అని ఒక పేజీ ఉంటుంది, అది కూడా ఒకసారి చదవండి. ఈ నియమాలు మారుతుంటాయి. పోయినేడు పోయివచ్చిన వదిన చెప్పిందని నమ్ముకుంటే మీ పెట్టె కూడా కింది అంతస్తులో నిలబడుతుంది.

వయసు, పర్మిట్: ఇంట్లోనే తేల్చుకోవాల్సినవి

ఓడలో వయసు లెక్క అది బయల్దేరే దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికా రేవుల నుంచి పోయే ఓడల్లో 21. సింగపూర్ నుంచి పోయే రాయల్ కరీబియన్ ఓడలో 18 నిండితే చాలు. ఇరవై ఏళ్ళ కొడుకు సింగపూర్‌లో తన వంతు సీసా పట్టుకుని ఎక్కవచ్చు, మయామీలో ఎక్కలేడు.

మహారాష్ట్రలో మాత్రం బీరు, వైన్‌కు 21, గట్టి మద్యానికి 25. పైగా మనది 1949 నాటి మద్యనిషేధ చట్టం ఇంకా నడుస్తున్న రాష్ట్రం. మందు కొనడానికి, దగ్గర పెట్టుకోవడానికి, తీసుకెళ్ళడానికి, తాగడానికి పర్మిట్ ఉండాలని ఆ చట్టం అంటుంది. దుకాణంలో ఎవరూ అడగరు కదా అని మనం మరచిపోయాం. దారిలో ఎవరైనా అడిగితే అప్పుడు గుర్తొస్తుంది. ఒకరోజు పర్మిట్, ఏడాది పర్మిట్, జీవితకాలం పర్మిట్ అని మూడు రకాలున్నాయి. ఊరు దాటించాలనుకుంటే పర్మిట్, బిల్లు రెండూ జేబులో పెట్టుకోండి.

గడ్చిరోలి జిల్లా సిరొంచా వైపు తెలుగువాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మీ జిల్లాలో 1993 నుంచి మద్యం బంద్. కాళేశ్వరం వైపు వంతెన దాటి సీసా కొని ఇంటికి తెచ్చుకుని, అక్కడి నుంచి పెట్టె సర్దే ఆలోచన పెట్టుకోకండి. చంద్రాపూర్‌లో 2015లో పెట్టిన నిషేధం 2021లో ఎత్తేశారు, వాళ్ళకు ఆ బాధ లేదు. వార్ధాలో ఇప్పటికీ ఉంది.

సీసా ఎక్కడ కొనాలి

ఇక్కడ నాకు కొంచెం ఊరి పిచ్చి ఉంది, దాచను. మన జిల్లా అకలూజ్‌లోనే ఫ్రటెల్లి వైన్ తయారవుతుంది. ఫ్రటెల్లి అంటే ఇటాలియన్‌లో అన్నదమ్ములు. మూడు కుటుంబాల అన్నదమ్ములు కలిసి పెట్టినది కాబట్టి ఆ పేరు. చెరకు, జొన్న, దానిమ్మ అని చెప్పుకునే జిల్లాలో పండిన ద్రాక్షను సముద్రం మీద గ్లాసులో పోసుకుంటే ఆ సంతోషం వేరు. కూతురు పెళ్ళిరోజుకనో, షష్టిపూర్తికనో అలాంటి సీసా ఒకటి తీసుకెళ్ళాలనిపిస్తే తప్పకుండా తీసుకెళ్ళండి.

ఆ ప్రేమ లేకపోతే సోలాపూర్ నుంచి మోసుకెళ్ళడం దండగ. అంతర్జాతీయ ప్రయాణమైతే ముంబయి విమానాశ్రయం డ్యూటీ ఫ్రీలో, అంటే పన్ను లేకుండా అమ్మే దుకాణంలో కొనుక్కోవచ్చు, లేదా దిగిన ఊళ్ళోనే కొనుక్కోవచ్చు. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ బెర్త్ కింద రాత్రంతా సీసా దొర్లకుండా కాలు అడ్డం పెట్టుకుని పడుకునే తిప్పలు తప్పుతాయి.

ఇక్కడే కొంటే మూడు విషయాలు చూడండి.

సీసా 750 మిల్లీలీటర్లదే కావాలి. దానికి రెండింతలుండే మాగ్నమ్ సీసాను ఒకటిగా లెక్కపెట్టరు, చాలాచోట్ల వెనక్కి ఇచ్చేస్తారు. నార్వేజియన్‌లో తీసుకుంటారు కానీ రుసుము కూడా రెట్టింపే.

రెండోది, బెండు మూత కాకుండా తిప్పితే వచ్చే స్క్రూ మూత ఉన్నది కొనండి. ఇండియన్ వైన్లలో ఇవి దండిగా దొరుకుతాయి. బెండు తీసే సాధనం క్యాబిన్‌లో ఉండదు. దాని కోసం బార్‌కు పోతే అక్కడ రుసుము మాట వస్తుంది.

మూడోది తేదీ. మహారాష్ట్రలో ఆషాఢ ఏకాదశి డ్రై డే. పండరిపురం మన జిల్లాలోనే ఉంది కాబట్టి ఆ రోజు సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 కూడా అంతే. ప్రయాణం ముందురోజు ఇలాంటిది పడితే రెండు రోజులు ముందే కొని పెట్టుకోండి. ఎండాకాలంలో మాత్రం కారు డిక్కీలో వదిలేయకండి. మన ఊరి 42 డిగ్రీల ఎండకు డిక్కీలో వైన్ ఉడికిపోతుంది, తర్వాత ఎంత చల్లబెట్టినా రుచి తిరిగి రాదు.

సర్దడం: ఈ భాగం రెండుసార్లు చదవండి

అంతర్జాతీయ విమానంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవం పోనివ్వరు. కాబట్టి ఇంటి నుంచి తెచ్చిన సీసా చెక్-ఇన్ పెట్టెలోకే పోవాలి. వైన్‌లో ఆల్కహాల్ 24 శాతం కంటే తక్కువ, అందుకని విమానం నియమాల్లో దానికి ప్రత్యేకమైన పరిమితి లేదు. 24 నుంచి 70 శాతం మధ్య ఉన్న గట్టి మద్యమైతే మనిషికి 5 లీటర్లు దాటకూడదు. 70 దాటితే విమానమే ఎక్కనివ్వరు.

సీసాను ముందు ఒక గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి కట్టండి. దాని మీద సోలాపూర్ టవల్ రెండు చుట్లు. చాదర్ అయితే ఇంకా మంచిది కానీ బరువు ఎక్కువ, ఒక్క సీసా కోసం కిలోన్నర మోయడం ఎందుకు? పెట్టెలో అంచులకు తగలకుండా బట్టల నడుమ, నిలువుగా కాకుండా పడుకోబెట్టండి. తెల్ల చొక్కాలు దాని చుట్టూ పెట్టకండి.

డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాను వాళ్ళు సీలు వేసిన పారదర్శకమైన సంచిలో ఇస్తారు. దాన్ని చేత్తోనే విమానంలోకి తీసుకెళ్ళొచ్చు. గమ్యం చేరేదాకా ఆ సీలు విప్పకండి. మధ్యలో విమానం మారాల్సి ఉంటే మళ్ళీ తనిఖీ ఉంటుంది, సీలు విప్పిన సంచి అక్కడే ఆగిపోతుంది. విమానంలో మీ సొంత సీసా తెరవడం ఎలాగూ కుదరదు.

ఇప్పుడు దేశంలోకి అడుగు. సింగపూర్‌లో 18 నిండి, 48 గంటలకు పైగా ఆ దేశం బయట ఉండి, మలేషియా నుంచి కాకుండా వచ్చేవాళ్ళకు మొత్తం 2 లీటర్ల మద్యం పన్ను లేకుండా పోనిస్తారు. ఒక వైన్ సీసాకు అది ధారాళంగా సరిపోతుంది. అమెరికాలో 21 నిండినవాళ్ళకు 1 లీటర్. మందు కంటే ఎక్కువగా మన పెద్దవాళ్ళు సింగపూర్‌లో ఇరుక్కునేది తంబాకుతో. నమిలే పొగాకు, గుట్కా అక్కడ నిషేధం. చొక్కా జేబులో సున్నం డబ్బీతో పాటు మరచిపోయిన చిన్న పొట్లమైనా జరిమానాకు దారితీస్తుంది. బయల్దేరే ముందు నాన్నగారి జేబులు మీరే ఒకసారి చూడండి, ఆయన మాట మీద వదిలేయకండి.

విమానం దిగాక, ఓడరేవుకు పోయే ముందు, హోటల్ గదిలో పెట్టె తెరవండి. సీసాను తీసి భుజానికి తగిలించుకునే సంచిలోకి మార్చండి. బావ చేయనిది ఇదే. టెర్మినల్ దగ్గర పెద్ద పెట్టెలు కూలీలు తీసుకుపోతారు, అవి వేరే దారిలో స్కానర్‌కు పోతాయి. అందులో సీసా కనిపిస్తే, అది అనుమతి ఉన్న సీసానా కాదా అని వాళ్ళు ఆలోచిస్తూ కూర్చోరు, పెట్టెను పక్కన పెడతారు. మీ చేతిలో ఉంటే మీరే చూపించవచ్చు.

ఒక్కొక్కరి సీసా ఒక్కొక్కరు పట్టుకోండి. మనిషికో సీసా అన్నప్పుడు తాగని మనిషికి కూడా ఆ వంతు ఉంది. భర్త తాగి భార్య తాగని ఇంట్లో కూడా ఇద్దరి పేరా రెండు సీసాలు పోతాయి. రెండూ ఒకే సంచిలో ఉంటే "ఇది ఎవరిది" అనే మాట వస్తుంది. మా అక్క తర్వాతి ప్రయాణంలో తన సీసా తనే పట్టుకుంది, మెడలో నల్లపూసలు, భుజాన పూజ పుస్తకం ఉన్న సంచి, అందులో రెడ్ వైన్. సెక్యూరిటీ పిల్ల చూసి నవ్వి పొమ్మంది.

దొంగతనంగా ఎక్కించే ఉపాయాల గురించి

మౌత్‌వాష్ సీసాలో విస్కీ, నీళ్ళ బాటిల్‌లో వోడ్కా, థమ్సప్‌లో రమ్. ఇవి మన ఊరి పెళ్ళి బస్సులో నడుస్తాయి. ఓడ దగ్గర వాళ్ళు ఏళ్ళ తరబడి ఇవే చూస్తున్నారు. 2015లో కార్నివాల్ కంపెనీ ప్రయాణికులు బాటిళ్ళలో నీళ్ళు, కూల్‌డ్రింక్‌లు తేవడాన్నే ఆపేసింది, క్యాన్లు, అట్టడబ్బాలు మాత్రమే అంది. బాటిళ్ళలో మందు కలిపి తెచ్చేవాళ్ళ పుణ్యం అది. దొరికితే సీసా పోవడం చిన్న విషయం. ఎక్కనివ్వకుండా ఆపే హక్కు, మధ్య రేవులో దించేసే హక్కు టికెట్ షరతుల్లోనే రాసి ఉంటాయి. నలుగురు తోడల్లుళ్ళు కలిసి పోయే ప్రయాణంలో ఒకరి తెలివి వల్ల మిగతా ముగ్గురూ తలదించుకోవాల్సి వస్తుంది.

స్వాధీనం చేసుకున్న సీసాకు కొన్ని ఓడల్లో రసీదు ఇచ్చి చివరి రోజు తిరిగి ఇస్తారు, కొన్నింట్లో పారబోస్తారు.

నీళ్ళు, మజ్జిగ, కాఫీ: మనవాళ్ళకు అసలు టెన్షన్ ఇదే

నిజం చెప్పాలంటే, మన కుటుంబాల్లో ఓడ ఎక్కే పదిమందిలో వైన్ కావాల్సినవాళ్ళు ఇద్దరు ముగ్గురే. మిగతావాళ్ళ చింత "అక్కడి నీళ్ళు పడతాయా, పొద్దున్నే చాయ్ దొరుకుతుందా, మజ్జిగ లేకుండా అన్నం ఎట్లా దిగుతుంది" అని.

నీళ్ళ బాటిళ్ళ కేసు మోసుకుపోవద్దు. కార్నివాల్ మనిషికి 12 చిన్న క్యాన్లు లేదా అట్టడబ్బాల వరకు ఒప్పుకుంటుంది, ఒక్కోటి 355 మిల్లీలీటర్లకు మించకూడదు. రాయల్ కరీబియన్‌లో కూడా 12 అనే లెక్కే. అరలీటరు బాటిళ్ళు కూడా తీసుకుంటారు. నార్వేజియన్ అయితే నీళ్ళు, కూల్‌డ్రింక్‌లు కూడా బయటివి వద్దంటుంది. వీటినీ చేతిసంచిలోనే పట్టుకోవాలి. అయినా ఎందుకు? ఓడలో తాగే నీళ్ళు, మామూలు కాఫీ, టీ, పొద్దున బఫేలో పాలు, పళ్ళరసాలు టికెట్‌లోనే ఉంటాయి. ఒక ఖాళీ స్టీలు బాటిల్ తీసుకెళ్తే రోజంతా గడుస్తుంది. బఫేలో నేరుగా కుళాయికి బాటిల్ మూతి పెట్టొద్దంటారు, గ్లాసుతో పట్టి పోసుకోండి.

మజ్జిగకు ఉపాయం మా అమ్మ కనిపెట్టింది. పొద్దున బఫేలో తియ్యదనం లేని పెరుగు ఉంటుంది. రెండు కప్పుల పెరుగు పెద్ద గ్లాసులో వేసి, చల్లటి నీళ్ళు పోసి, చెంచాతో బాగా గిలకొట్టి, అక్కడే ఉన్న ఉప్పు వేసి, సంచిలోంచి జీలకర్ర పొడి తీసి చల్లింది. పక్క బల్ల మీది గుజరాతీ ఆవిడ రెసిపీ అడిగింది, "ఛాస్ ఇలా కూడా చేస్తారా" అంటూ.

పూర్తిగా వద్దే వద్దు అనేది ఎలక్ట్రిక్ కెటిల్. నీళ్ళలో ముంచే హీటర్ కాయిల్ కూడా. ఓడలో అగ్ని ప్రమాదం అంటే పారిపోవడానికి వీధి ఉండదు, అందుకే వేడెక్కే వస్తువులన్నీ నిషేధం, ఇస్త్రీ పెట్టె సహా. మేము ముంబయి నుంచి ఎక్కినప్పుడు మా కెటిల్ స్కానర్ దగ్గరే ఆగింది. చీటీ కట్టి దాచి, దిగేటప్పుడు ఇచ్చారు. మూడు రోజులూ వేడినీళ్ళు బఫేలోనే పట్టుకున్నాం, ఒక ఫ్లాస్క్ ఉంటే అర్ధరాత్రి మందుబిళ్ళకైనా సరిపోతుంది. కాఫీ పొడి, టీ పొడి, రాగి పిండి సీలు విప్పని పాకెట్లలో తీసుకెళ్ళండి.

సీలు మాట ఎందుకంటే, ఇంట్లో వండినది ఓడలోకి రానివ్వరు. రోట్లో దంచిన శేంగా చట్నీ (పల్లీల పొడి) ఎంత కమ్మగా ఉన్నా అది డబ్బాలో ఉంటే ఆపుతారు. అదే మన బజారులో దొరికే సీలు పాకెట్ అయితే పొడి తినుబండారం కింద పోతుంది. దానిమ్మ పళ్ళు పెట్టుకోకండి, పళ్ళూ కూరగాయలూ ఏ దేశంలోనైనా గొడవే. పసిపిల్లల పాలపొడి, డాక్టర్ రాసిన పానీయాలు వీటికి మినహాయింపు, ఆ చీటీ మాత్రం వెంట ఉంచుకోండి.

ఓడలో సీసా తెరవడం, లెక్క వేసుకోవడం

క్యాబిన్‌లో కూర్చుని తాగితే చాలా కంపెనీలు ఏమీ అడగవు. అదే సీసాను భోజనశాలకు తీసుకెళ్తే కార్కేజ్ అని రుసుము వేస్తారు, అంటే బయటి సీసాను తెరిచి గ్లాసులో పోసినందుకు కట్టే డబ్బు. కార్నివాల్‌లో అది 15 డాలర్లు. నార్వేజియన్‌లో కూడా 15, ఆ రుసుము అక్కడ ఎక్కే రోజే పడుతుంది. పైగా ఓడల్లో మద్యం బిల్లు మీద 18 నుంచి 20 శాతం సర్వీస్ చార్జ్ తానుగా కలిసిపోతుంది.

ఒక సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు ఐదు వస్తాయి. ఓడలో గ్లాసు 12 డాలర్లు అనుకుందాం. ఐదింటికి 60, సర్వీస్ చార్జ్ కలిపితే 70 దాటుతుంది. మీ సీసాకు కార్కేజ్ 15 కట్టినా లాభమే.

అసలు లెక్క డ్రింక్ ప్యాకేజీ దగ్గర తేలుతుంది. రోజుకు ఇంత కడితే ఎంతైనా తాగొచ్చు అని బుకింగ్ అప్పుడే ఊరిస్తారు. రాయల్ కరీబియన్, కార్నివాల్ రెండింట్లోనూ ఒక మెలిక ఉంది: ఒక క్యాబిన్‌లో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే ఆ క్యాబిన్‌లోని తాగే వయసున్న పెద్దవాళ్ళందరూ కొనాలి. రోజుకు 70 డాలర్లు, నాలుగు రాత్రులు, ఇద్దరు అనుకుంటే 560 డాలర్లు. అందులో సగం మజ్జిగ తాగే వదిన పేరు మీద. కార్నివాల్‌లో "ఎంతైనా" అన్నదానికి కూడా 24 గంటల్లో 15 పానీయాలని హద్దు ఉంది, అంత తాగేవాడికి ఈ వ్యాసంతో పనే లేదనుకోండి. భార్యాభర్తల్లో ఒకరే తాగే ఇంటికి నా సలహా ఇది: ప్యాకేజీ వద్దు, ఇద్దరి వంతు రెండు సీసాలు తెచ్చుకోండి, పది గ్లాసులు వస్తాయి. ఇంకా కావాలంటే ఒకటో రెండో బార్‌లో కొనుక్కోండి.

చల్లబెట్టడానికి ఐస్ కావాలంటే క్యాబిన్ చూసుకునే మనిషిని అడగండి, ఓ గిన్నె నింపి పెడతాడు. గ్లాసులు కూడా అతన్నే అడగొచ్చు. అతన్ని పేరుతో పిలిచి, దిగేటప్పుడు ఏదైనా చేతిలో పెట్టండి.

మధ్య రేవుల్లో

గోవాలో దిగగానే మనవాళ్ళ కాళ్ళు మందు దుకాణం వైపు లాగుతాయి, ధర తక్కువ కదా. తిరిగి ఓడ ఎక్కేటప్పుడు మళ్ళీ స్కానర్ ఉంటుంది, అక్కడ ఆపేస్తారు. ఎలాగో ముంబయి చేరినా, గోవాలో మాత్రమే అమ్మాలని రాసి ఉన్న సీసా మహారాష్ట్రలో ఎక్సైజ్ వాళ్ళ చేతికి చిక్కితే కేసు. లక్షద్వీప్‌లో బంగారం అనే పేరున్న దీవి తప్ప మిగతాచోట్ల మద్యం నిషేధం, కాబట్టి ఓడ నుంచి ఏదీ చేత్తో పట్టుకుని దిగకండి.

విదేశీ రేవుల్లో, ఓడలోని దుకాణంలో కొన్నవాటిని చాలా ఓడల్లో వెంటనే తీసుకుని, రసీదు ఇచ్చి, ప్రయాణం చివరి రాత్రి క్యాబిన్‌కు పంపుతారు. అవి ఓడలో తాగడానికి కాదు, ఇంటికి తీసుకెళ్ళడానికి. ఆ రసీదును పాస్‌పోర్ట్‌లో పెట్టుకోండి.

దిగే రోజు

చివరి రాత్రి పెద్ద పెట్టెలు క్యాబిన్ బయట పెట్టమంటారు. అప్పటికి సీసాలు మీ చేతికి వచ్చినా, వాటిని ఆ పెట్టెలో పెట్టకండి, కిందికి దించేటప్పుడు విసిరేస్తారు. చేతిసంచిలో దిగి, టెర్మినల్ బయట ఒక మూల కూర్చుని పెట్టె తెరిచి, మళ్ళీ ప్లాస్టిక్ సంచి, మళ్ళీ టవల్, మళ్ళీ బట్టల నడుమ. ఎందుకంటే ఇక్కడి నుంచి మళ్ళీ విమానం, మళ్ళీ 100 మిల్లీలీటర్ల లెక్క. ఆ టవల్‌ను ఓడలో ఈతకొలను దగ్గర తడిపి ఉంటే ముందురోజే ఆరబెట్టుకోండి.

ఇండియాలో దిగేటప్పుడు మనిషికి 2 లీటర్ల వరకు కస్టమ్స్ సుంకం లేదు. 750 సీసాలు రెండు పోతాయి, మూడోది పెడితే 2 లీటర్లు దాటినట్టే, ఆ పైన ఉన్నదానికి సుంకం గట్టిగానే పడుతుంది. ముంబయిలో బయటికి వచ్చాక డ్యూటీ ఫ్రీ బిల్లును పారేయకండి, సోలాపూర్ రైలు దిగి ఇల్లు చేరేదాకా అది సీసాతోనే ఉండాలి.